సైకిల్ మీద ఒడిబియ్యం

జగిత్యాల బస్టాండు దగ్గర ఇల్లు కట్టుకున్నవాడికి హారన్ల మోత లేకపోతే నిద్ర పట్టదు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా టికెట్లు చింపి రిటైరైన నేను, కావాలనే ఆ మోత వినపడేంత దూరంలో ఉంటున్నాను. కానీ ఆ చలికాలం బస్టాండు మూగబోయింది. ఢిల్లీ నుంచి తెలంగాణ ఇస్తామన్న మాట వచ్చింది, జనం రంగులు చల్లుకున్నారు, బట్టల మీది ఆ రంగు వెలిసిపోకముందే మాట వెనక్కి పోయింది. ఇక రోజూ బందే. బస్సులు డిపోలో వరసగా నిలబడి ఉండేవి. ఎప్పుడూ తుడవని డ్రైవర్లు కూడా ఖాళీగా ఉండలేక అద్దాలు తుడుస్తూ కూర్చునేవారు.

అలాంటి ఒక మంగళవారం సాయంత్రం సిరిసిల్ల నుంచి మా చెల్లె గంగు ఫోన్ చేసింది.

"అన్నా, శుక్రవారం కరీంనగర్ల ఆపరేషన్. కడుపుల గడ్డ పెద్దగైందట. గా బల్ల మీద పండేముందు ఒడిబియ్యం పోసుకోని పోదామనుకున్న."

"బస్సుల్లేవు గదనే."

"నాకు తెల్వదా? ఊకె చెప్తున్న."

ఊరికే చెప్పడం కాదని ఇద్దరికీ తెలుసు. ఒడిబియ్యం అంటే తెలియనివారికి ఒక మాట చెప్పాలి. మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లను కొన్నేళ్లకోసారి తల్లిగారింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు ఒడిలో పోస్తారు. నీకింకా పుట్టినిల్లు ఉంది అని చెప్పడమే అది. ఆమె గడప దాటే ముందు ఆ బియ్యంలోంచే ఐదు పిడికిళ్లు తీసి, పుట్టినిల్లు ఒట్టిపోకూడదని అక్కడే విడిచి పోతుంది. గంగుకు పోయవలసిన ఏడు అదే. దసరాకు పిలుద్దామంటే ఆమెకు జ్వరం పట్టుకుంది. తగ్గాక పిలుద్దామంటే బందులు మొదలయ్యాయి. ఇప్పుడు ఆమె మంచం దిగే స్థితిలో లేదు. ఒడి నింపుకోకుండా పోతే తిరిగి రానని ఆమె భయం. ఆ భయం నన్నూ పట్టుకుంది.

మోటార్ సైకిల్ నడపడం నాకు రాదు. వచ్చినా పెట్రోలు బంకులు మూసే ఉన్నాయి. షుగర్ వచ్చిందని డాక్టర్ తిట్టినప్పటి నుంచి తొక్కుతున్న ఇరవై రెండు అంగుళాల సైకిలే నాకు దిక్కు. అమ్మా నాన్నా పోయాక మాకు తల్లిగారిల్లంటే కోరుట్లలోని మా తమ్ముడి ఇల్లు. తమ్ముడు మస్కట్‌లో ఉంటాడు, ఇంట్లో మరదలు లలిత ఉంటుంది. నా భార్య పోయి నాలుగేళ్లయింది కాబట్టి బియ్యం లలిత చేతి మీదుగానే కలపాలి. అంటే ముందు కోరుట్ల, అక్కడి నుంచి సిరిసిల్ల. పక్కింటాయన విని, "అరవై దాటినంక గిదేం పిచ్చి?" అన్నాడు. నేను టైర్లలో గాలి కొట్టుకున్నాను.

బుధవారం పొద్దున ఆరింటికి బయలుదేరాను. చలికాలం సైకిల్ తొక్కాలనుకునే నా ఈడువాళ్లకు నాకు తెలిసినంత చెబుతాను. స్వెట్టర్ లోపల, ఛాతీ మీద ఒక పాత దినపత్రిక మడిచి పెట్టుకోండి. ఏ కోటూ ఆపని గాలిని అది ఆపుతుంది. చేతులకు గ్లౌజులు లేకపోతే పాత మేజోళ్లు తొడుక్కోండి, నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. మొదటి అరగంట మెల్లగా తొక్కాలి, ఎందుకంటే మోకాళ్లు మనకంటే ఆలస్యంగా నిద్ర లేస్తాయి. మధ్యలో ఆగినా ఎక్కువసేపు కూర్చోకూడదు. కూర్చుంటే మళ్లీ లేచేటప్పుడు తెలుస్తుంది, మన వయసెంతో.

పొగమంచులో రోడ్డు పది గజాలకు మించి కనిపించలేదు. మేడిపల్లి దగ్గర టీ కొట్టు సగం తలుపు తెరిచి ఉంది. కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు.

"ఏందయ్యా కండక్టరు సాబ్, మమ్ములందర్ని నిలవడి పొమ్మని సతాయిస్తివి. గిప్పుడు నీకే సీటు లేకపాయె!"

"సీటుంది గనీ మెత్తగ లేదు" అన్నాను. ఆయన నవ్వుతూ రెండో టీ పోశాడు. దానికి పైసలు తీసుకోలేదు.

కోరుట్ల దగ్గరపడేసరికి ఎండ వచ్చింది. రోడ్డు పక్కన చెరుకు ట్రాక్టర్లు బారుగా ఆగి ఉన్నాయి. ముత్యంపేట ఫ్యాక్టరీకి పోవలసిన చెరుకు అది. ట్రాలీ కింద గొంగడి కప్పుకొని పడుకున్న డ్రైవర్ నా సైకిల్ చప్పుడుకు లేచాడు.

"చెరుకు ఎండుతుంటే పాణం కొట్టుకుంటలేదా?" అని అడిగాను.

"కొట్టుకుంటది. తూకం తగ్గుతది. అయితేంది, తెలంగాణ కోసం గీ ఒక్క ఏడు తగ్గనీయ్" అని మళ్లీ గొంగడి కప్పుకున్నాడు.

తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాను. లలిత ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుడుతోంది. సంగతి చెప్పగానే చేట పక్కన పెట్టి లేచింది. తంబాకు వాసన బియ్యానికి అంటకూడదని చింతపండుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. మా పొలంలో పండిన సన్నబియ్యం ఐదుంబావు సేర్లు కొలిచి, నెయ్యి చుక్క వేసి, పసుపు కలిపి ఆరబెట్టింది. తన కోసం కొనుక్కున్న కొత్త చీర, విప్పనే లేదు, అది తెచ్చి పెట్టింది. సాయంత్రం వరకు ఆ పసుపు బియ్యం ఇంటి మధ్యలో ఉంది. లలిత వచ్చిపోతూ దానికేసి చూసేది. గంగు పేరు మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

మర్నాడు చీకటితోనే లేచాం. బియ్యాన్ని తెల్ల గుడ్డసంచిలో పోసి, లలితే సైకిల్ క్యారియర్ మీద పెట్టింది. చీర, కుడుకలు వేరే సంచిలో హ్యాండిల్‌కు తగిలించింది.

"బావా, ఒక్కటి యాదికుంచుకో. గిది వదినె ఒడిల పడేదాక మూట నేల మీద పెట్టద్దు. ఎక్కడ ఆగినా సైకిల్ మీదనే ఉండనియ్."

నేను తాడుతో నాలుగు వరసలు బిగించి కట్టాను. ముప్పై ఏళ్లు జనం మూటలు సరిగా కట్టుకోలేదని బస్సు మీద నిలబడి అరిచినవాణ్ని. నా కట్టుకు వంక పెట్టేవాడు పుట్టలేదనుకున్నాను.

కథలాపూర్ దాకా రోడ్డు బాగుంది. ఆ తర్వాత గుంతలు. బస్సులో ఉన్నన్నాళ్లూ ఈ గుంతలకు డ్రైవర్‌ను తిట్టాను. వాటి లోతెంతో సైకిల్ మీద తెలిసింది. రుద్రంగి దగ్గర ఎత్తు ఎక్కలేక దిగి తోశాను. చెవుల దగ్గర చలి, వీపు మీద చెమట. ఆగినప్పుడల్లా సైకిల్‌ను చెట్టుకు ఆనించాను గానీ మూటను విప్పలేదు, కదపలేదు. నేల తగలకూడదన్న మాట అంత గట్టిగా పట్టుకున్నాను.

ఒకచోట రోడ్డుకు అడ్డంగా ముళ్లకంచె వేసి పోలీసులు నిలబడ్డారు. ఒక కుర్ర కానిస్టేబుల్ లాఠీతో మూట చూపించాడు.

"ఏముంది పెద్దాయనా గండ్ల?"

"ఒడిబియ్యం. మా చెల్లెకు."

అతను లాఠీని చంకలో పెట్టుకున్నాడు. "మా అక్కకు గూడ గీయేడే పొయ్యాలె. సెలవు ఇస్తలేరు" అని ముళ్లకంచె తనే పక్కకు లాగాడు. వెళ్తుంటే వెనక నుంచి, "మంచిగ పో, మధ్యల ఎవలన్న ఆపితే గిదే మాట చెప్పు" అన్నాడు.

చందుర్తి దాటాక ఒక క్రాస్‌రోడ్డు వస్తుంది. అక్కడికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నిరసనగా వంటావార్పు చేస్తున్నారు. పక్కన టెంటు, టెంటులో, తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న ఒక పిల్లవాడి ఫోటో, దానికి బంతిపూల దండ. ఎవరి పిల్లవాడో నాకు తెలియదు. దిగి దండం పెట్టుకున్నాను. అంతలో పొయ్యి దగ్గర నుంచి ఒకామె కేక వేసింది.

"ఓ పెద్దయ్యా! నీ బియ్యం కారుతున్నయ్!"

తిరిగి చూశాను. నేను వచ్చిన దారి పొడవునా, కనిపించినంత మేర, సన్నటి పసుపు గీత. పిట్టలు దాని వెంట గెంతుతూ ఏరుకుంటున్నాయి. మూట అడుగున, క్యారియర్ రేకు అంచు పదునెక్కి గుడ్డను కోసేసింది. ఒక్కసారి ఎక్కడైనా మూట దింపి చూసుకుంటే తెలిసేది. దింపకూడదని దింపలేదు. సగానికి పైగా పోయాయి.

కారిపోయింది బియ్యం అనిపించలేదు నాకు. గంగు ప్రాణమే అలా దారి పొడవునా కారిపోయిందనిపించింది. తెల్లారితే ఆపరేషన్. వెనక్కి పోయి మళ్లీ రావడానికి కాళ్లూ లేవు, పొద్దూ లేదు. హ్యాండిల్ పట్టుకొని నిలబడి, అంతమంది ముందు ఏడ్చాను.

కేక వేసిన ఆమె వచ్చి, ముందు చేయి అడ్డం పెట్టి కారడం ఆపింది. యాభై ఏళ్లుంటాయేమో, పొగకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పేరు మరియవ్వ. సంగతంతా చెప్పించుకుంది. చెప్పాక వెంటనే, "తాడు ఇప్పు. కింద పెట్టను, నా ఒళ్లె పట్టుకుంట" అని అక్కడే రాయి మీద కూర్చుంది. చిరుగును దగ్గరికి కూడదీసి దారంతో బిగించింది. తర్వాత టార్పాలిన్ మీద పోసి ఉన్న బియ్యం కుప్ప వైపు చూసింది. వంటావార్పు కోసం ఇంటింటి నుంచి తెచ్చి పోసిన బియ్యం అవి.

"గండ్లకెల్లి నింపుదాం. పసుపు గూడ ఉన్నది, కూరలకు తెచ్చినం."

టెంటులో కూర్చున్న ఒకాయన అడ్డం చెప్పాడు. "ఒడిబియ్యమంటే తల్లిగారింటియి ఉండాలె గద. గివెట్ల నడుస్తయ్?"

"నువ్వు ఆగు, నేను ఆయన్నే అడుగుత" అని మరియవ్వ నా వైపు తిరిగింది. "గీ కుప్పల అందరియి ఉన్నయ్. మాయి గూడ ఉన్నయ్. మాది దళితవాడ, చర్చికి పోతం. నీకు నడుస్తదా లేదా సాఫ్ చెప్పు."

"నాకు నడుస్తది" అన్నాను. "మా చెల్లెకు నడుస్తదో లేదో తెల్వదు. పాణం బాగలేనిది, భయపడ్తదేమో."

"గయితే చెప్పి పొయ్యి. దాచి పొయ్యకు. ఒడిల పడేటియి గవి."

అంత సూటిగా చెబితే కాదనడానికి ఏముంది? సరేనన్నాను. నలుగురు ఆడవాళ్లు దోసిళ్లతో బియ్యం తెచ్చి, పసుపు కలిపి, మరియవ్వ ఒళ్లో ఉన్న సంచిలో పోశారు. కొన్ని గింజలు తప్పి ఆమె కొంగులో పడ్డాయి.

"చూసినవా, నా ఒళ్లె గూడ పడ్డయ్" అని నవ్వింది. "మాకు గూడ పోస్తరు పెద్దయ్యా. చర్చికి పోయినా మా అన్న నాకు పోసుడు బంద్ వెట్టలే. ఆయన బొంబాయిల సచ్చిపోయినంక ఇగ ఎవలూ పొయ్యలే."

రోడ్డు మీదే కూర్చోబెట్టి నాకు అన్నం, పప్పుచారు పెట్టారు. ఆ ఆకలిలో ఆ పప్పుచారు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఈసారి క్యారియర్ మీద గోనెపట్టా మడిచి వేసి, దాని మీద మూట కట్టారు. వాళ్లు కట్టిన కట్టు నాదానికంటే బాగుంది.

అక్కడి నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేదాకా నాకు దారి కనిపించలేదు. గంగుకు ఎలా చెప్పాలా అన్నదే ఆలోచన. బియ్యం దారిలో కారిపోయాయంటే ఆమె దాన్ని ఎలా తీసుకుంటుందో నాకు తెలుసు. పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునే మనిషి.

నాలుగింటికి సిరిసిల్ల వచ్చింది. సిరిసిల్లలో అడుగుపెడితే ముందు పలకరించేది సాంచెల చప్పుడు. సాంచె అంటే మరమగ్గం. గల్లీ గల్లీలో పగలూ రాత్రీ ఆ చప్పుడే. ఆ రోజు అదీ లేదు. మా బావ సత్తయ్య ఆ సాంచెల మీదే ముప్పై ఏళ్లు పనిచేశాడు. వాకిట్లోనే నన్ను ఆపి చేతులు పట్టుకున్నాడు. నేను దారిలో జరిగింది చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది.

"నీకు దండం పెడ్త బావా, గామెకు చెప్పకు. రాత్రి నిద్రవోదు. రేపు పొయ్యేటోళ్లం. పోసినంక అన్నీ గవే బియ్యం."

నేను తాడు విప్పి మూట భుజాన వేసుకున్నాను. లోపలికి పోతే గంగు గోడకు ఆనుకొని కూర్చుంది. ఐదు నెలల కింద చూసిన మనిషి కాదు. మెడ ఎముకలు బయటికి వచ్చాయి, కడుపు మాత్రం ఎత్తుగా ఉంది. నన్ను చూసి, "సైకిల్ మీదనే అచ్చినవా?" అంది. ఇంకేదో అనబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పక్కింటి ఆడవాళ్లు ముగ్గురు వచ్చారు. లలిత పంపిన చీర కట్టించి, పీట మీద కూర్చోబెట్టి, రెండు వైపులా పట్టుకున్నారు. మొదటి దోసిలి నేనే పోశాను. రెండోది పోశాను. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే మూడోదీ పోశాను. గంగు ఒడిలో వేళ్లు పెట్టి కలుపుతోంది. ఆమె వేళ్లు ఆగిపోయాయి. రెండు గింజలు తీసి కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

"అన్నా, గివి దొడ్డు బియ్యం. మన ఇంటియి గావు."

సత్తయ్య తల దించుకున్నాడు. ఆడవాళ్లు నా ముఖం చూశారు. నేను పీట ముందు కూలబడి మొదటి నుంచి చెప్పాను. రేకు కోసింది చెప్పాను, పిట్టలు ఏరుకుంది చెప్పాను, ఆ కుప్పలో ఎవరెవరి బియ్యం ఉన్నాయో చెప్పాను, దాచవద్దని మరియవ్వ అన్నదీ చెప్పాను.  గంగు ఆ గింజలకేసే చూస్తూ కూర్చుంది. వాటిని మళ్లీ ఒడిలో వేసి, ఒక్క మాట అడిగింది.

"మరి గామెకు ఎవలు పోస్తరు?"

"ఎవలూ లేరు. అన్న సచ్చిపోయిండట."

"గట్లనా" అని, ఒడిని రెండు చేతులతో దగ్గరికి పట్టుకుంది. "నేను రోడ్డుకు పోయిన బియ్యం గురించి భయపడ్తనని అనుకున్నవా? భయపడ్డ. గనీ తెల్వనోళ్లు నింపి పంపినంక ఇంకేం భయం? పొయ్యి అన్నా, మిగిలినయ్ గూడ పొయ్యి."

మిగిలినవి పోశాను.  అంతా అయ్యాక ఆమె ఐదు పిడికిళ్లు తీసి లలితకు అని ఒక గుడ్డలో వేసింది. తర్వాత ఇంకో గుడ్డ అడిగింది. అందులో ఐదు దోసిళ్లు పోసి, రెండు కుడుకలు, ఒక రవికముక్క పెట్టి ముడి వేసింది.

"గిది గామెకు. ఇచ్చుడు గాదు, ఒడిల పొయ్యి. పద్ధతి ప్రకారం పొయ్యి."

శుక్రవారం పొద్దున జీపు వచ్చింది. ఆసుపత్రికి పోయే బండ్లను బందులో ఆపరు. సత్తయ్య, ఇంకో ఇద్దరు కలిసి ఎక్కించారు. గంగు కిటికీలోంచి నా సైకిల్ వైపు చూపించి, "మెల్లగ పో, చలిపెడ్తది" అంది. ఆపరేషన్‌కు పోయే మనిషి నాకు జాగ్రత్తలు చెప్పింది. ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాత ఆమె ఒక ఎండాకాలం, ఒక వానాకాలం బతికింది. మళ్లీ ఒడిబియ్యం పోసే ఏడు మాత్రం ఆమెకు రాలేదు. ఆ విషయం ఆ పొద్దున నాకు తెలియదు కాబట్టి, తేలికైన మనసుతోనే పెడల్ మీద కాలు పెట్టాను.

తిరుగు దారిలో గాలి ఎదురు. క్రాస్‌రోడ్డు చేరేసరికి పదకొండయింది. పొయ్యిలు మండుతున్నాయి, ఫోటోకు కొత్త దండ వేశారు. మరియవ్వ గంజి వంపుతోంది. నన్ను చూసి గిన్నె దించింది.

"ఏమన్నది మీ చెల్లె?"

చెప్పాను. గుడ్డమూట విప్పి కుడుకలు, రవికముక్క చూపించాను. గంజి అంటిన చేతులతో ఆమె వాటిని ముట్టుకోలేదు. తర్వాత చేతులు కడుక్కొని, ముఖం కడుక్కొని, పొయ్యి పక్కన నిన్న కూర్చున్న రాయి మీదే తూర్పుకు తిరిగి కూర్చుంది. కొంగు పరిచి రెండు చేతులతో పట్టుకుంది. నిన్న అడ్డం చెప్పిన ఆయన టెంటులోంచి లేచి వచ్చి నిలబడ్డాడు. నేను ఐదు దోసిళ్లూ పోశాను.  మరియవ్వ ఏడ్చింది, దాచుకోకుండా.

నేను సైకిల్ తీస్తుంటే ఆపింది. ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి, లలిత కోసం గంగు ఇచ్చిన మూట విప్పించి అందులోనే వేసింది.

"తల్లిగారిల్లు ఒట్టిగ ఉండద్దు గదా అన్నా."

నిన్నంతా పెద్దయ్యా అని పిలిచిన మనిషి.

ముప్పై ఏళ్లు ఆ రోడ్డు మీద తిరిగాను. ఆ క్రాస్‌రోడ్డులో ఎన్నిసార్లు విజిల్ ఊది బస్సు ఆపించానో, ఎంతమందిని దించానో లెక్క లేదు. అక్కడ నాకొక చెల్లె ఉందని తెలియడానికి బస్సులన్నీ ఆగిపోవలసి వచ్చింది.

సాయంత్రం కోరుట్ల చేరాక లలిత మూట అందుకుంది. నేల తగలకుండా లోపలికి తీసుకుపోయి, ముడి విప్పి చూసింది.

"గివి ఎక్కువున్నయేంది బావా? దొడ్డు గింజలు గూడ ఉన్నయ్."

"మనకు ఇద్దరు ఆడిబిడ్డలు" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, ఆ బియ్యం మొత్తం మా ఇంటి బియ్యం డబ్బాలో పోసి చేత్తో కలిపింది.